అంబాసిడర్ ఇంజన్, గేరుబాక్సుల పునరుద్ధరణ

హిందుస్థాన్ అంబాసిడర్ పెట్రోలు కారు ఇంజన్‌నూ గేరుబాక్సునూ బండిలోంచి దించి, పూర్తిగా విప్పి, కొలతలు తీసి, అరిగినవాటిని సరిచేసి తిరిగి ఎక్కించే పనిని వర్క్‌షాపుల్లో ఓవర్‌హాలింగ్ అంటారు. రోజూ తిరిగే కొత్త బండికి అది మామూలు మరమ్మతు. తయారీ ఆగిపోయిన కారుకు అదే పునరుద్ధరణ అవుతుంది. పాడైన భాగానికి కొత్తది దొరుకుతుందన్న భరోసా ఉండదు కనక ఉన్న లోహాన్నే కాపాడుకోవాలి. ఇంజన్ ఎలాగూ దిగింది, చెయ్యదగిన పనులన్నీ ఇప్పుడే చేసేద్దామన్న ఆలోచన ఒకవైపు లాగుతుంది. బ్లాకులోంచి ఒకసారి కోసిన లోహం మళ్లీ రాదన్న ఎరుక రెండోవైపు ఆపుతుంది. విప్పడం, కడగడం, కొలవడం దగ్గర మొదటి ఆలోచననీ, కొయ్యడం దగ్గర రెండోదాన్నీ నమ్ముకున్నవాడే మంచి మెకానిక్.

ఇంజన్ పుట్టుక

అంబాసిడర్ బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారుకు భారతీయ రూపం. 1942లో బిర్లాలు స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 1957లో దీని తయారీ మొదలుపెట్టి 2014 మే వరకూ కొనసాగించింది. తొలి బళ్లలో వాల్వులు బ్లాకులోనే, సిలిండర్ల పక్కన ఉండే 1476 సి.సి. ఇంజన్ ఉండేది. కొద్దికాలానికే దాని స్థానంలో హెడ్డులో వాల్వులుండే 1489 సి.సి. ఇంజన్ వచ్చింది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ‘బి సిరీస్’ పేరుతో చేసిన కుటుంబానికి చెందిన ఈ ఇంజనే దశాబ్దాలపాటు అంబాసిడర్‌ను లాగింది. తర్వాత డీజిల్ రకాలూ, 1990ల మొదట్లో ఐదు గేర్ల బాక్సుతో ఇసుజు 1800 ఇంజన్ కారూ వచ్చాయి కాని, ఇక్కడి వివరాలన్నీ 1489 సి.సి. పెట్రోలు ఇంజన్‌కూ, దానితో జతగా వచ్చిన నాలుగు గేర్ల బాక్సుకూ సంబంధించినవి.

ఇది పోత ఇనుప బ్లాకు, పోత ఇనుప హెడ్డు ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్. బోరు వ్యాసం 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. అంటే అడ్డం కన్నా పొడవు ఎక్కువ. అందువల్ల తక్కువ వేగంలోనే లాగుడు బాగుంటుంది, వేగం పెంచితే త్వరగా ఆయాసపడుతుంది. క్రాంక్ షాఫ్ట్‌ను మూడు మెయిన్ బేరింగులే మోస్తాయి. క్యామ్ షాఫ్ట్ బ్లాకులోనే ఉండి పుష్ రాడ్ల ద్వారా వాల్వులను తెరుస్తుంది. పేలుడు వరుస 1-3-4-2. ఇదే 1489 సి.సి. ఇంజన్ 1955 నుంచి 1959 వరకు వచ్చిన ఎం.జి.ఎ. 1500 స్పోర్ట్స్ కారులో, ఆస్టిన్ కేంబ్రిడ్జ్, మరికొన్ని బ్రిటిష్ కార్లలో కూడా నడిచింది. అంబాసిడర్ యజమానికి ఈ బంధుత్వం ఎంత మేలు చేస్తుందో విడిభాగాల కోసం వెతికేటప్పుడు తెలుస్తుంది.

దించకముందు చూడవలసినవి

ఇంజన్ దించాక దాని మాట వినలేం. కాబట్టి అది నడుస్తుండగానే పరీక్షించాలి. ప్లగ్గులు తీసి ప్రతి సిలిండర్‌లోనూ కంప్రెషన్ కొలవడం మొదటి పని. ఒక సిలిండర్‌లో తక్కువ వస్తే, ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. ఈసారి లెక్క పెరిగితే రింగులో బోరో అరిగినట్టు, ఎందుకంటే ఆయిలు ఆ సందును కాసేపు మూసింది. లెక్క కదలకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాలి.

పొగ కూడా చాలా చెబుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే రింగులు, దిగుడులో కాలు తీసి మళ్లీ తొక్కినప్పుడు వస్తే వాల్వు గైడ్లు. ఇంజన్ బాగా వేడెక్కిన తర్వాత ఆయిల్ ప్రెషర్ ఎంత నిలుస్తుందో రాసిపెట్టుకోవాలి. చల్లటి ఇంజన్‌లో చిక్కటి ఆయిలు చూపించే ప్రెషర్‌ను నమ్మి బేరింగులు బాగున్నాయనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

గేరుబాక్సు సంగతి దారి మీదే తేలుతుంది. ఒకటి, రెండు, మూడు గేర్లలో అరుపు వినిపించి, టాప్ గేరులో పడగానే ఆగిపోతే ఆ సమాచారం బంగారంలాంటిది. కారణం కింద గేరుబాక్సు భాగంలో ఉంది. గేరు పడటం కష్టమైతే మాత్రం వెంటనే బాక్సును నిందించకూడదు. చాలా అంబాసిడర్లలో గేరు కర్ర స్టీరింగ్ పక్కన ఉంటుంది. అక్కడి నుంచి బాక్సు దాకా వెళ్లే కడ్డీలు, వాటి బుష్షులు అరిగితే కర్ర ఊగుతుంది, గేరు దారి తప్పుతుంది. పది నిమిషాల్లో మార్చే బుష్షుల కోసం బాక్సు విప్పిన సందర్భాలు తక్కువేమీ కాదు.

దించే పద్ధతి

ఇంజన్ పైకి లేస్తుంది కాని వర్క్‌షాపు భాషలో దాన్ని దించడమే అంటారు. మూడు కాళ్ల ఇనుప స్టాండుకు చైన్ పుల్లీ వేలాడదీసి లాగడం మన ఊళ్లలో పాత పద్ధతి. గట్టి వేపకొమ్మకు పుల్లీ కట్టిన షెడ్లు కూడా ఉండేవి. ఇప్పుడు చక్రాల మీద తిరిగే హైడ్రాలిక్ క్రేన్ వాడకంలోకి వచ్చింది.

ముందు బ్యాటరీ తీసేస్తారు. బానెట్ మడతబందుల చుట్టూ గీతలు గీసి విప్పితే తిరిగి బిగించేటప్పుడు సందులు సరిగ్గా కుదురుతాయి. నీళ్లు, ఆయిళ్లు పారబోసి రేడియేటర్, కార్బ్యురేటర్, పెట్రోలు పైపు, సైలెన్సర్ పైపు బిగింపు, వైర్లు, క్లచ్ లింకేజీ, గేరు కడ్డీలు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక్కొక్కటిగా విడదీస్తారు. ప్రతి వైరుకూ చీటీ కట్టడం, ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయడం వల్ల తర్వాత గంటల కొద్దీ తడుములాట తప్పుతుంది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య జడలాంటి ఎర్త్ పట్టీ ఒకటి ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు దాన్ని మరిచిపోతే స్టార్టర్ మోటారు లాగే కరెంటు చోక్ కేబుల్ గుండానో యాక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. ఆ కేబుల్ ఎర్రగా కాలి పొగలొస్తాయి.

ఇంజన్‌నూ గేరుబాక్సునూ కలిపే ఎత్తవచ్చు, విడదీసి ఎత్తవచ్చు. కలిపి ఎత్తితే ముందుభాగం పైకి లేపి, తోకను కిందికి వంచి ఏటవాలుగా బయటికి తేవాలి. చోటు ఎక్కువ కావాలి కాని భాగాలకు క్షేమం. విడదీసి తీసేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. బోల్టులన్నీ విప్పాక గేరుబాక్సు బరువంతా దాని ముందు షాఫ్ట్ మీద, అంటే క్లచ్ ప్లేటు నడిబొడ్డు మీద వేలాడనిస్తే ప్లేటు వంగుతుంది. కంటికి కనపడని ఆ వంపు వల్లే తర్వాత క్లచ్ వదిలేటప్పుడు బండి కుదుపుతుంది. బాక్సు కింద జాకీ పెట్టి, రెండూ ఒకే మట్టంలో ఉండేలా చూసుకుంటూ తిన్నగా వెనక్కి లాగాలి.

స్పానర్ల గురించి ఒక మాట. ఇది అంగుళాల లెక్క బండి. దాదాపు సరిపోయే మిల్లీమీటర్ స్పానర్లతో లాగి తలలు గుండ్రమైపోయిన బోల్టులు ప్రతి పాత అంబాసిడర్‌లోనూ కనిపిస్తాయి.

కడగడం

విప్పిన భాగాలను కడగడం చిన్నపనిగా చూస్తారు. నిజానికి బాగుచేసిన ఇంజన్లు మళ్లీ పాడవడానికి మిగిలిపోయిన మురికే పెద్ద కారణం. ఇనుప భాగాలను వేడి కాస్టిక్ తొట్టెలో వేస్తే జిడ్డూ రంగూ ఊడిపోతాయి. అల్యూమినియం భాగాన్ని, పిస్టన్‌ను గాని అందులో వేస్తే కాస్టిక్ దాన్నే తినేస్తుంది. వాటికి కిరోసిన్, బ్రష్ చాలు.

బ్లాకులో ఆయిలు పారే సన్నటి దారుల చివర్లను మూసే ప్లగ్గులు తీసి, సన్న బ్రష్ దూర్చి, గాలి కొట్టాలి. బ్లాకు పక్కన నీటి గదులను మూసే రేకు బిళ్లలు కూడా ఊడదీయాలి. వాటి వెనక, ముఖ్యంగా నాలుగో సిలిండర్ చుట్టూ, ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పు బురద గట్టిపడి ఉంటుంది. ‘బండి వేడెక్కుతోంది’ అని రేడియేటర్ మీద రేడియేటర్ మార్చినా తగ్గని జబ్బుకు మూలం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఇంజన్ దిగి ఉన్నప్పుడు తప్ప ఆ బిళ్లలన్నీ చేతికి అందవు. ఇప్పుడే చేసేద్దాం అన్న ఆలోచనకు సరైన చోటు ఇదే.

బ్లాకు, బోరు

‘ఇంజన్ బోరుకొచ్చింది’ అన్న మాట సిలిండర్ గోడలు అరిగి వెడల్పు చేయించాల్సిన స్థితిని చెబుతుంది. అరుగుదల గోడంతా సమానంగా ఉండదు. పై రింగు ఆగే చోట వేడి ఎక్కువ, ఆయిలు తక్కువ. అక్కడే ఎక్కువ అరుగుతుంది. రింగు చేరని పైఅంచు అరగకుండా మిగిలి గోరుకు తగిలే గట్టులా నిలుస్తుంది. పైగా పేలుడు తోసినప్పుడు పిస్టన్ కనెక్టింగ్ రాడ్ వాలు వల్ల ఒక పక్క గోడను ఒత్తుతుంది కనక బోరు గుండ్రంగా కాక కోలగా అరుగుతుంది. అందుకని డయల్ బోర్ గేజితో ప్రతి సిలిండర్‌నూ పైన, మధ్యన, కింద, రెండేసి దిశల్లో కొలవాలి. ఆరు కొలతలు లేకుండా బోరు కొట్టించాలో వద్దో చెప్పేవాడు ఊహిస్తున్నాడు తప్ప కొలవడం లేదు.

లేత్ షాపుల్లో కొలత మాట ‘థౌ’, అంటే అంగుళంలో వెయ్యోవంతు, మిల్లీమీటర్‌లో నలభయ్యోవంతు. అరుగుదల రెండు మూడు థౌలే ఉంటే పైగట్టు తీసి, గోడలను హోనింగ్ రాళ్లతో గీసి, కొత్త రింగులు వేస్తే చాలు. 8 నుంచి 10 థౌలు దాటితే బోరు కొట్టించక తప్పదు. పిస్టన్లు 10, 20, 30, 40 థౌల ఓవర్ సైజుల్లో వస్తాయి. 40 థౌలు పెంచిన ఇంజన్ 1489 నుంచి సుమారు 1531 సి.సి. అవుతుంది. అది లాభం కాదు. గోడ పలచబడింది, తర్వాతి మెట్టు లేదు. ఆపైన స్లీవు దించి మళ్లీ స్టాండర్డ్ కొలతకు తేవచ్చు. పని ఖరీదైనా, ఎన్నిసార్లో కోసిన బ్లాకుకు కొత్త ఆయుష్షు పోసే మార్గం అదొక్కటే.

ఇక్కడ ఒక అలవాటు మానాల్సి ఉంది. అరుగుదల కొద్దిపాటిగా ఉన్నా, ‘ఎలాగూ విప్పాం కదా, నలభై సైజు కొట్టించేద్దాం’ అనడం. ట్యాక్సీ బండికి అది చెల్లింది. ఏడాదికి వేయి, రెండువేల కిలోమీటర్లు నడిచే పాత కారుకు 20 సైజుతో సరిపోయే చోట 40 కొట్టించడమంటే రెండు మెట్లు వృథాగా పారేయడం. పిస్టన్లు ముందు తెప్పించి, వాటిని కొలిచి, ఆ కొలతకు తగ్గట్టు బోరు కొట్టించాలి. పెట్టె మీద అచ్చువేసిన అంకెను నమ్మి ముందే కోసేయకూడదు.

చివరి హోనింగ్‌లో గోడ మీద అడ్డదిడ్డం గీతలు అల్లికలా పడాలి. వాటిలో నిలిచే ఆయిలే కొత్త రింగులను గోడతో కలుపుతుంది. పని అయ్యాక బోర్లను వేడి సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి. పెట్రోలుతో తుడిస్తే రాతి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. తెల్లగుడ్డతో తుడిచినప్పుడు మరక అంటనంత వరకూ కడిగి, వెంటనే ఆయిలు పూయాలి. లేకపోతే తేమగాలి ఉన్న కోస్తా ఊళ్లలో సాయంత్రానికే తుప్పు పడుతుంది.

క్రాంక్ షాఫ్ట్, బేరింగులు

స్టాండర్డ్ కొలతలో ఈ క్రాంక్ మెయిన్ జర్నళ్లు (మెయిన్ బేరింగుల్లో తిరిగే భాగాలు) 2 అంగుళాలు, రాడ్లు పట్టే జర్నళ్లు అంగుళం ముప్పాతిక మీద ఇంకో అరపావు, అంటే 1.875 అంగుళాలు. మైక్రోమీటర్‌తో కొలిచి, కోలగా అరిగినా గీతలు పడినా గ్రైండింగ్ చేయించి, అంత మందమైన అండర్ సైజు బేరింగులు వేస్తారు. గ్రైండింగ్‌లో చూడాల్సింది కొలత ఒక్కటే కాదు. జర్నల్ పక్క గోడతో కలిసే మూల గుండ్రంగా ఉండాలి. ఆ వంపును పోగొట్టి చదరపు మూల చేస్తే, క్రాంక్ పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. మూడే బేరింగుల మీద నిలిచిన క్రాంక్‌కు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. గ్రైండింగ్ పొడి క్రాంక్‌లోని ఆయిలు రంధ్రాల్లో చేరుతుంది. లేత్ షాపు నుంచి తెచ్చాక ఆ దారులను మళ్లీ కడగకుండా బిగిస్తే కొత్త బేరింగులు మొదటి రోజే గీతలు పడతాయి.

క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా మధ్య మెయిన్ బేరింగుకు ఇరువైపులా అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు ఉంటాయి. క్లచ్ పెడల్ తొక్కినప్పుడల్లా ఒత్తిడి వాటి మీదే పడుతుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కిపట్టి నిలబడే డ్రైవర్ల బళ్లలో ఇవి ముందే అరుగుతాయి. ఆయిలు గాళ్లున్న ముఖం క్రాంక్ వైపు తిరిగి ఉండాలి. తిప్పి వేస్తే మెత్తని లోహపు ముఖం బ్లాకును, గట్టి ఉక్కు వీపు క్రాంక్‌ను రాసుకుంటాయి. డయల్ గేజి పెట్టి క్రాంక్‌ను ముందుకూ వెనక్కూ తోసి చూస్తే కదలిక రెండు మూడు థౌలే ఉండాలి.

బేరింగు మూతలనూ రాడ్ల మూతలనూ ఒకదానికొకటి మార్చకూడదు. విప్పేటప్పుడే సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టుకోవాలి. ఈ ఇంజన్ రాడ్లకు ఇంకో ప్రత్యేకత ఉంది. అడుగు కన్ను అడ్డంగా కాక ఏటవాలుగా విడిపోతుంది, రాడ్డును బోరులోంచి పైకి తీయడానికి వీలుగా. పైచివర, పిస్టన్‌ను రాడ్డుకు కలిపే గడ్జన్ పిన్‌ను ఒక బోల్టు బిగించి పట్టి ఉంచుతుంది. ఆ బోల్టు తిప్పేటప్పుడు పిస్టన్‌నో రాడ్డునో బెంచి వైసులో బిగిస్తే రాడ్డు మెలిపడుతుంది. పిన్ రెండు చివర్లలో చిన్న గుబ్బలు దూర్చి, వాటిని వైసులో పట్టించడమే పద్ధతి. మెలిపడిన రాడ్డుతో బిగించిన ఇంజన్ బాగానే స్టార్టవుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత పిస్టన్ ఒక పక్కే అరిగి ఆయిలు తాగడం మొదలుపెడుతుంది. కారణం అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

క్రాంక్ వెనక చివర ఆయిలు ఆపడానికి ఈ మూడు బేరింగుల ఇంజన్‌లో రబ్బరు సీల్ లేదు. షాఫ్ట్ మీద మరలాంటి గాడి కోసి ఉంటుంది. తిరుగుతూ అది ఆయిలును లోపలికి నెట్టుకుంటుంది. బేరింగు అరిగి షాఫ్ట్ కిందికి దిగినా, ఇంజన్ ఊపిరి పైపు మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగినా ఆయిలు దాటి క్లచ్ మీద పడుతుంది. కాబట్టి ఆయిలు కారితే సీల్ కోసం వెతకడం కాదు, బేరింగులూ ఊపిరి పైపూ చూడాలి. బ్రిటన్‌లో ఈ ఇంజన్లకు రబ్బరు సీల్ బిగించే కిట్లు అమ్ముతారు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కు వాటి అవసరం తక్కువే. కొద్ది చుక్కలు ఈ డిజైన్‌కు సహజం.

క్యామ్ షాఫ్ట్, టైమింగ్ చైన్

క్యామ్ ముక్కులు, వాటి మీద నడిచే ట్యాపెట్ల అడుగులు జంటగా అరుగుతాయి. పాత ట్యాపెట్లను తిరిగి వాడితే ఏది ఏ గదిలోదో అదే గదిలో వేయాలి. క్యామ్ కొత్తదైతే ట్యాపెట్లు కూడా కొత్తవే కావాలి. చైన్ సాగిందా, టెన్షనర్ ప్యాడ్ అరిగిందా చూసి, రెండు పళ్ల చక్రాల మీదున్న చుక్కలు ఎదురెదురుగా వచ్చేలా బిగిస్తారు.

హెడ్డు

హెడ్డు చదునుగా ఉందో లేదో ఉక్కు స్కేలు, ఫీలర్ గేజితో చూస్తారు. వంగి ఉంటేనే సర్ఫేసింగ్ చేయించాలి, అదీ వీలైనంత తక్కువ. వాల్వు సీట్ల మధ్య పగుళ్లకు రంగు ద్రవం పూసి చేసే పరీక్ష ఉంది. కంటిని మాత్రమే నమ్మకూడదు.

అసలు పని వాల్వుల దగ్గర. ఈ హెడ్డు డిజైనైన కాలంలో పెట్రోల్లో సీసం కలిపేవారు. సీసం పొర ఎగ్జాస్ట్ వాల్వుకూ ఇనుప సీటుకూ మధ్య కందెనలా పనిచేసేది. భారతదేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఆ పొర లేక, వేడెక్కిన వాల్వు సీటును కొద్దికొద్దిగా గీకేస్తూ లోపలికి దిగిపోతుంది. ట్యాపెట్ సందు మాటిమాటికీ తగ్గిపోవడం దాని తొలి సూచన. హెడ్డు చేతిలో ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ వైపు గట్టి ఉక్కు సీట్లు బిగించడం ఒక్కసారి ఖర్చు, శాశ్వత పరిష్కారం. అసలుతనం గురించి పట్టుదల ఉన్న యజమాని కూడా దీనికి వెనకాడనక్కర్లేదు. బయటికి ఏమీ కనపడదు, అసలు హెడ్డు బతుకుతుంది.

గైడ్లు మార్చి, సీట్లు కోసి, గ్రైండింగ్ పేస్టుతో వాల్వులను ఆడించాక సీటు చుట్టూ తెగకుండా సన్నటి బూడిదరంగు వలయం కనపడాలి. అప్పుడు వాల్వులు బిగించి, హెడ్డును తిరగేసి, గదుల్లో కిరోసిన్ పోసి వదిలేస్తారు. కొంతసేపటికి పోర్టుల వైపు చెమ్మ తేలితే ఆ వాల్వుకు మళ్లీ పని చెప్పాలి. ఖరీదైన పరికరం ఏదీ లేకుండా నిజం చెప్పే పరీక్ష ఇది.

ఇంధనం సంగతి కూడా ఇక్కడే రావాలి. 2025 నాటికి దేశంలో పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపడం మామూలైంది. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్‌లు దానికి మెత్తబడి పాడవుతాయి. తట్టుకునే రకం పైపులు వేసి, కార్బ్యురేటర్ మిశ్రమాన్ని కొంచెం చిక్కన చేయాలి.

ఫ్లైవీలు, క్లచ్

ఫ్లైవీలు ముఖం నీలం మచ్చలు పడి పగుళ్లిస్తే లేత్ మీద పలచగా కోయిస్తారు. దాని చుట్టూ ఉన్న పళ్ల చక్రం అన్నిచోట్లా అరగదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడు ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఒకదాని దగ్గరే ఆగుతుంది కనక స్టార్టర్ ఎప్పుడూ అవే పళ్లను కొరుకుతుంది. చక్రాన్ని వేడిచేసి ఊడదీసి కొత్తది ఎక్కించవచ్చు.

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు సగం అరిగి ఉన్నా మార్చేయడమే మేలు. వస్తువు ధర కన్నా మళ్లీ బాక్సు దించే కూలీ ఎక్కువ. పాత బళ్లలో రిలీజ్ బేరింగు కార్బన్ ముక్క. క్లచ్ పెడల్ మీద ఊరికే కాలు ఆనించి నడిపితే అది అరిగిపోతుంది. క్రాంక్ చివర గేరుబాక్సు షాఫ్ట్ కూర్చునే చిన్న కంచు బుష్షును మరిచిపోతుంటారు. దాన్ని ఆయిల్లో నానబెట్టి మరీ బిగించాలి.

గేరుబాక్సు

ఆయిలు పారబోసేటప్పుడే పరీక్ష మొదలవుతుంది. అడుగున మెత్తటి బూడిదరంగు గుజ్జు మామూలే. వేలికి గుచ్చుకునే పెచ్చులు, పళ్ల ముక్కలు వస్తే లోపల ఏదో విరిగింది.

ఈ బాక్సులో రెండు, మూడు, నాలుగు గేర్లకు, పళ్లు కలిసే ముందు వేగాలను సమం చేసే సింక్రోమెష్ ఉంది, ఒకటో గేరుకు లేదు. బండి పూర్తిగా ఆగకుండా ఒకటో గేరు వేసే ప్రతిసారీ నిటారు పళ్ల అంచులు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అందుకే పాత బాక్సు తెరిస్తే ఒకటో గేరు పళ్ల మూలలు ఎలుక కొరికినట్టుంటాయి. కొద్దిగా అయితే నూరి సరిచేయవచ్చు. గట్టి పైపొర ఊడితే మార్చాల్సిందే.

అయితే ఈ బాక్సులో అసలైన బలహీనత లే షాఫ్ట్. ఇంజన్ నుంచి వచ్చే షాఫ్ట్ తన చక్రంతో అడుగునున్న లే గేరును ఎప్పుడూ తిప్పుతుంటుంది. లే గేరు కదలని ఒక ఉక్కు కడ్డీ మీద సూది రోలర్ల ఆసరాతో తిరుగుతుంది. ఒకటి, రెండు, మూడు గేర్లలో బండిని లాగే బలమంతా దాని గుండా వెళ్లి చక్రాలకు చేరుతుంది. టాప్ గేరులో మాత్రం ముందు షాఫ్ట్, వెనక షాఫ్ట్ నేరుగా కలిసిపోతాయి. లే గేరు తిరుగుతున్నా దాని మీద బరువుండదు. కింది మూడు గేర్లలో అరిచి టాప్‌లో సద్దుమణిగే బాక్సులో సూది రోలర్లు, వాటి కింద కడ్డీ పోయాయని విప్పకముందే చెప్పడానికి ఆధారం ఇదే. కడ్డీని బయటికి తీసి రోలర్లు నడిచే చోట గోరుతో రాస్తే ఒకవైపు మాత్రమే గుంటలు, పెచ్చులు తగులుతాయి. బలం ఎప్పుడూ ఒకే దిక్కున పడుతుంది కనక అలా అరుగుతుంది. కడ్డీని తిప్పి వేసి మరో కొన్నాళ్లు నడిపించడం వర్క్‌షాపుల్లో ఉన్నదే, కాని పైపొర లేచిన కడ్డీ ఊడగొట్టే ఉక్కు పెచ్చులు ఆయిల్లో తిరిగి మిగతా బేరింగులన్నిటినీ చెడగొడతాయి. కడ్డీ, రోలర్లు, థ్రస్ట్ వాషర్లు ఒక సెట్టుగా మార్చాలి.

దాన్ని తిరిగి కూర్చడం ఓపిక పని. రోలర్లను గ్రీజుతో లే గేరు లోపలి గోడకు ఒక్కొక్కటే అంటించి, అసలు కడ్డీ కన్నా కాస్త పొట్టిదైన డమ్మీ కడ్డీని దూర్చి, మొత్తాన్ని బాక్సు అడుగున పడుకోబెడతారు. ముందు, వెనక షాఫ్ట్‌లు అమరాక లే గేరును పైకి లేపి, అసలు కడ్డీని ఒక చివరి నుంచి నెడితే డమ్మీ రెండో చివరి నుంచి బయటికి వస్తుంది. రెండు కడ్డీల మధ్య వెంట్రుకవాసి ఖాళీ వచ్చినా ఒక రోలరు జారి పడుతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. బిగించే ముందు ఎన్ని రోలర్లు వేశామో, బల్ల మీద ఎన్ని మిగిలాయో లెక్క చూసుకోవాలి.

సింక్రోమెష్ ఇత్తడి రింగును గేరు శంకువు మీద నొక్కి, పళ్లకూ దానికీ మధ్య మిగిలే సందును ఫీలర్ గేజితో కొలుస్తారు. సందు పోయి రింగు అడుగంటితే గేరు మార్చినప్పుడు కిర్రుమంటుంది. నడుస్తుండగా గేరు ఊడిపోతుంటే సెలెక్టర్ గుళ్ల స్ప్రింగులు, ఫోర్కులు, స్లీవు పళ్లు చూడాలి. బాల్ బేరింగులను కడిగాక గాలి కొట్టి గిర్రున తిప్పడం సరదాగా ఉంటుంది కాని ఆయిలు లేకుండా అంత వేగంగా తిరిగితే గుళ్లకూ దారులకూ గీతలు పడతాయి.

ఆయిలు విషయంలో కంపెనీ మాన్యువల్ చెప్పిన రకాన్నే పోయాలి. డిఫరెన్షియల్ కోసం చేసిన జి.ఎల్.-5 రకం గేరాయిళ్లలో ఉండే గంధక రసాయనాలు ఇత్తడి, కంచు భాగాలను తినేయగలవు. ‘చిక్కటిది, గట్టిది’ అని అది పోస్తే కొత్త సింక్రో రింగులు పాతవాటికన్నా ముందే పోతాయి.

బిగింపు, తొలి నడక

మెయిన్ బేరింగు నట్లకు 70 పౌండ్-అడుగుల టార్కు ఇస్తారు. ఒక్కో మూత బిగించగానే క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడాలి. అప్పటిదాకా తేలిగ్గా తిరిగింది ఒక మూత దగ్గర బిగిసిందంటే తప్పు ఆ మూతదే. అన్నీ బిగించాక చూస్తే దోషి దొరకదు. హెడ్డు నట్లు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో బిగించాలి.

ఈ ఇంజన్ ఆయిల్ పంపు ఎండిపోయి ఉంటే వెంటనే ఆయిలు అందుకోదు. బిగించేటప్పుడే పంపు నిండా ఆయిలు పోయాలి. ఎక్కించాక ప్లగ్గులు తీసేసి, ముందు హ్యాండిల్‌తో చేత్తో తిప్పాలి. అంబాసిడర్‌కు హ్యాండిల్ వేసే వీలుండటం ఇక్కడ వరమే, ఎక్కడైనా పట్టేస్తుంటే చేతికి తెలుస్తుంది. తర్వాత స్టార్టర్‌తో కొద్దికొద్దిసేపు తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ గేజి లేచేదాకా ఆగాలి. ఎస్.యు. కార్బ్యురేటర్ గోపురంలో పలచటి ఆయిలు పోయడం ఈ దశలోనే.

క్యామ్, ట్యాపెట్లు కొత్తవైతే స్టార్టయిన వెంటనే దాదాపు 20 నిమిషాలు 2000 ఆర్.పి.ఎం. దగ్గర నడపాలి. నెమ్మదిగా ఐడిల్‌లో వదిలేస్తే క్యామ్ మీద ఆయిలు చాలినంత చిమ్మదు, ముక్కులు అప్పుడే అరిగిపోతాయి. జింకు మందు తగినంత ఉన్న 20డబ్ల్యు-50 ఆయిలు ఈ తరం ఇంజన్లకు నప్పుతుంది. వేడెక్కి చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ చూసి, ట్యాపెట్ సందులు సరిచేయాలి. మొదటి 800 కిలోమీటర్లు బండిని లాగి నడపకూడదు, అలాగని పూర్తిగా ముద్దు చేయనూ కూడదు. మధ్యమధ్య కాస్త భారం పడితేనే రింగులు గోడకు గట్టిగా ఒత్తుకుని కుదురుకుంటాయి. మొదటి ఆయిలు 500 కిలోమీటర్లకే మార్చడం మంచిది.

విడిభాగాలు, అసలుతనం, చట్టం

కోల్‌కతాలో అంబాసిడర్ ట్యాక్సీలు చాలాకాలం తిరగడం వల్ల ఆ ఊరి పాత విడిభాగాల బజార్లే దీనికి పెద్ద ఆధారం. తెలుగునాట విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, స్లీవు పని తెలిసిన లేత్ షాపులున్నాయి. బ్రిటన్‌లో ఎం.జి.ఎ. యజమానుల కోసం తయారయ్యే బేరింగులు, గ్యాస్కెట్లు, వాల్వులు చాలావరకు ఈ ఇంజన్‌కు సరిపోతాయి. పిస్టన్లు తెప్పించేటప్పుడు మాత్రం తల ఆకారం చూసుకోవాలి. స్పోర్ట్స్ కారు పిస్టన్‌తో కంప్రెషన్ పెరుగుతుంది.

డీజిల్ చౌకగా ఉన్న రోజుల్లో వేలాది పెట్రోలు అంబాసిడర్లలో ఇంజన్లు పీకేసి డీజిల్ ఇంజన్లు పెట్టించారు. అసలు 1489 ఇంజన్ బండిలోనే మిగిలి ఉండటం ఇప్పుడు దానికదే ఒక విలువ. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా వీలైనంత అసలు భాగాలను ఉంచి, చేసిన మార్పులను నమోదు చేయాలనే చెబుతుంది.

భారత ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ వాహనాల నమోదుకు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు నంబరులో ‘వి.ఎ.’ అక్షరాలున్న ప్రత్యేక సిరీస్ ఇస్తారు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. రోజువారీ వాడకానికీ వ్యాపారానికీ ఆ బండిని నడపకూడదు. ఇంజన్ మార్చినా, వేరే బ్లాకు వేసినా మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్.సి.లో రాయించాలి. కాబట్టి బ్లాకుకు రంగు వేసే ముందు ఇంజన్ నంబరు చెక్కిన పలకను ఇసుక కాగితంతో రుద్దకుండా, మందంగా రంగు పూయకుండా చూసుకోవాలి. తనిఖీ అధికారి వెతికేది దాన్నే. బోరు, పిస్టన్, మెయిన్, బిగ్ ఎండ్ బేరింగులు ఏ సైజులో వేశారో, హెడ్డు ఎన్ని థౌలు కోశారో తేదీతో సహా ఒక కాగితం మీద రాయించి ఆర్.సి. జిరాక్సుతో కలిపి బండిలో పెట్టుకుంటే, వచ్చేసారి విప్పే మెకానిక్ ఎక్కడి నుంచి కొలవాలో దాన్ని చూసి మొదలుపెడతాడు.